నల్ల ఇసుకతో కొడవలి

పొద్దున కొత్తపట్నం ఒడ్డున అల వెనక్కి పోగానే ఇసుక మీద నల్లటి చారలు కనిపించాయి. మీరూ ఆడారా వీటితో? చిన్నప్పుడు పాడైన రేడియోలోంచి పీకిన అయస్కాంతాన్ని అక్కడ ఈడిస్తే నల్ల రేణువులు మీసాల్లా లేచి అంటుకునేవి.

అది ఇనుప ఖనిజమని బళ్లో టీచరు చెప్పడమే ఆలస్యం, నేనూ నా నేస్తం మరియమ్మా పాలడబ్బా నిండా పోగుచేసి కమ్మరి నాగయ్య తాత ముందు పెట్టాం. మరియమ్మ వాళ్లమ్మ కొడవలి విరిగిపోయింది. తెల్లారితే వరికోత.

"తాతా, దీంతో కొడవలి చెయ్యి."

తాత నవ్వలేదు. చిటికెడు కొలిమిలో వేసి చూపించాడు. ఎర్రబడిందే తప్ప కరగలేదు.

"ఇందులో ఇనుముందమ్మా. దాన్ని బయటికి లాగాలంటే పెద్ద పొయ్యి కావాల. అది నా కాడ లేదు" అంటూ పాత లారీ కమాను పట్టీ ముక్కని కాల్చి, సాగగొట్టి కొడవలి చేసిచ్చాడు. ఇసుక డబ్బా నా దగ్గరే ఉండిపోయింది.

మరియమ్మ ఇప్పుడు ఉక్కు కర్మాగారంలో ఇంజనీరు. ఇందాక ఆ చారల ఫొటో పంపితే వెంటనే ఫోను చేసింది.

"ఒసేయ్, పెద్ద పొయ్యి నా కాడుందే. ఆ డబ్బా పట్రా!"