గుంటను కాచిన బుచ్చమ్మ గారు

మా అత్తగారు బుచ్చమ్మ గారి నిర్యాణ వార్త నాకు విశాఖపట్నం ఆసుపత్రిలో, మా ఆరేళ్ల లత చేతికి సీసాలోని మందు ఎక్కుతుండగా తెలిసింది. ఫోను చేసింది మా ఆయన. "అమ్మ పోయింది" అన్నారు. పార్వతీపురంలో ఉన్న మా అమ్మేమో అనుకున్నాను. కాదని తెలియగానే ఒక్క క్షణం ఊరట కలిగింది. ఆ ఊరటకు పన్నెండు రోజులుగా సిగ్గుపడుతూనే ఉన్నాను.

అశ్రునయనాలతో రాస్తున్నానని అనడం రివాజు. నా కళ్లు పొడిగానే ఉన్నాయి. ఆసుపత్రి దగ్గరి అద్దె గదిలో ఇది రాయడానికి కూర్చుని ఇప్పటికే నాలుగుసార్లు లేచాను. ఒకసారి పిల్ల నుదురు చూడడానికి, ఒకసారి నీళ్లు మరిగాయేమో చూడడానికి, మిగతా రెండుసార్లు ఎందుకు లేచానో తెలియదు.

పెదబయలు దాటి కొండెక్కితే వచ్చే చిన్న ఊరు ఆవిడది. కాఫీ తోట, మిరియాల తీగలు, కాస్త చోడి చేను, అంటే రాగి పంట. అక్షరం రాదు. కొండ కింది పల్లం నుంచి టీచరుగా వచ్చి ఆవిడ కొడుకును చేసుకున్న నన్ను ఆవిడ ఆదరించిందీ లేదు, కసిరిందీ లేదు. "సదువుకున్న కోడలు, సూద్దాం" అన్నారట. ఆ చూడడం లతకు రక్త కాన్సరని తేలేదాకా సాగింది.

ఆనాటి నుంచి మా దినచర్య సమస్తం ఆవిడ అధీనంలోకి వెళ్లింది. నేను బడికి సెలవు పెట్టాను గాని, ఇల్లు నడిపింది ఆవిడే. పిల్లకు, ఆవిడ మాటలో గుంటకు, పళ్లెం వేరు, గ్లాసు వేరు, కాచిన నీళ్లు వేరు. కన్నకొడుకైనా సరే, మోచేతుల దాకా సబ్బుతో కడుక్కోనిదే గడప దాటనిచ్చేవారు కాదు. థర్మామీటరులో అంకెలు చదవడం రాదు కనుక తనకు తానే ఒక సూత్రం కట్టుకున్నారు. "మూడు గింజలుంటే గుంట బాగున్నట్టు. నాలుగు గింజలుంటే బేగి జీపు పిలాల." జ్వరం నూరు దాటితే అంకెలు నాలుగవుతాయి. పిల్లలకు పాఠాలు చెప్పే నాకు ఆ సులువు తట్టలేదు.

ఆవిడ మెతక మనిషి కారు. జబ్బుపడ్డవారిని ఊరంతా వచ్చి చూడడం, ఒళ్లు నిమిరి వెళ్లడం కొండమీది మర్యాద. అత్తగారు గుమ్మానికి అడ్డంగా పీట వేసుక్కూర్చుని సొంత ఆడపడుచునే ఆపేశారు.

"నన్నే ఆపేత్తావేటి వొదినా?" అని ఆమె ఏడ్చింది.

"గుంటకి రత్తం కౌంటు పడిపోనాది. నువ్వొచ్చినావని నాను సెప్తాను, ఎల్లు."

ఆ ఆడపడుచు ఏడాదిపాటు మాట్లాడలేదు. అత్తగారు బతిమాలనూ లేదు.

కొత్త పండగ చేసి దేవతకు పెట్టేదాకా అక్కడ చెట్టు నిండా మామిడిపళ్లున్నా ఎవరూ నోట పెట్టరు. పచ్చివేవీ పెట్టొద్దని డాక్టరు అన్న ఏడాది, ఊళ్లో కొత్త అయిపోయాక, లత మామిడిపండు కోసం నేలమీద పొర్లి ఏడ్చింది. నేను క్రిముల గురించి పాఠం మొదలుపెట్టాను. అత్తగారు నన్ను పక్కకు జరిపి, "నీకింకా కొత్త అవనేదే గుంటా. నీకయ్యేదాకా నానూ తినను" అన్నారు. పిల్లకు ఆ కట్టుబాటు తెలుసు. ఏడుపు ఆపేసింది. ఆవిడ ఆ ఏడు తినలేదు, మరుసటేడూ తినలేదు. దేవతకు కోపమొస్తుందని పూజారి బెదిరిస్తే, "ఆయమ్మకీ మనవరాలుంటే తెలుస్తాది" అన్నారు.

ఇక రాయవలసింది రాయాలి. మొన్న విశాఖ ప్రయాణానికి ముందురోజు ఆవిడ రెండుసార్లు దగ్గారు. పిల్లకు జ్వరం తగిలితే మందు వాయిదా పడుతుంది. నా ప్రాణమంతా ఆ మందు మీదే ఉంది. "దగ్గుతున్నారు అత్తా! పిల్ల దగ్గరికి రాకండి" అన్నాను. మెల్లగా అనలేదు, కసిరాను. ఆవిడ లేచి వెళ్లారు. సాయంత్రం దుప్పటి చుట్టుకుని, "సోడిసేలో పందులు పడతన్నాయి. పాకలో తొంగుంటాను" అన్నారు. చేను ఇంకా వెన్ను వెయ్యలేదు. పందులు పడే అదను కాదని పల్లం దాన్నయినా నాకు తెలుసు. తెలిసే తలూపాను. లోపల హమ్మయ్య అనుకున్నాను కూడా.

మర్నాడు నేనూ లతా బస్సెక్కాం. పాకకు అంబలి పట్టుకెళ్లిన పక్కింటామెను ఆవిడ దగ్గరకు రానివ్వలేదట. ఆవిడ వణుకు చూసి, మలేరియాలా ఉంది, కబురు పెడతానని ఆమె అంటే, "ఇప్పుడు సెప్తే సూది మానీసి వొచ్చేత్తారు. గుంట తిరిగొచ్చీదాకా ఎవులికీ ఏటీ సెప్పకు" అని ఒట్టు వేయించుకున్నారట. వారమంతా పెదబయలు బడిలో ఉండే మా ఆయనకూ తెలియలేదు. మూడో రోజు పాకలోనే పోయారు.

ఫోను పెట్టాక నర్సు, "వెళ్తారా అమ్మా? ఆపమంటారా?" అని అడిగింది. సీసాలో సగం మందుంది. ఊరంతా చేరే చోటికి పిల్లను తీసుకెళ్లకూడదు, వదిలి వెళ్లడానికి ఇక్కడ మనిషి లేదు. ఉండిపోయాను. నేను లేకుండానే ఆవిడను మట్టి చేశారు. ఆవిడ కోరుకున్నదీ అదేనని అందరూ అంటున్నారు. నిజమే కావచ్చు. నాకు మాత్రం కాలు ఒకచోట నిలవడం లేదు.

త్యాగమూర్తి అని రాద్దామనుకుని కొట్టేశాను. ఆవిడను మూర్తిని చేస్తే నా తప్పు చిన్నదైపోతుంది. ఆవిడ మూర్తి కాదు. చలి వేస్తే దుప్పటి, దాహమేస్తే నీళ్లు కావలసిన మనిషి.

నిన్న లతకు చెప్పాను. ఏడుస్తుందనుకున్నాను. అది మాత్రం, "నాకు జరమొస్తే నానమ్మ సూసీది. నానమ్మకి జరమొస్తే ఎవులు సూసినారు?" అని అడిగింది.

"ఎవరూ చూడలేదమ్మా" అన్నాను.

ఆవిడ లోటు తీర్చగలవారు మా ఇంట లేరు. పిల్ల అడిగినదానికి తలెత్తి జవాబు చెప్పగలవారూ లేరు. అత్తా, నమస్కారం.