జాన్‌బాబు కేస్ హిస్టరీ

జాన్‌బాబుకి టీవీ రిపేరుకిస్తే ఆయన ముందు టీవీని చూడడు, మనల్ని చూస్తాడు. ఏ కంపెనీ, ఎన్ని అంగుళాలు, ఎప్పుడు కొన్నారు, ఇవేవీ అడగడు. కళ్లజోడు నుదుటి మీదికి తోసి, సంబంధం చూడ్డానికొచ్చిన పెద్దమనిషిలా అడుగుతాడు: "ఈ టీవీ ఎవరు చూస్తారండీ?"

దానికి జవాబు చెప్పందే ఒక్క స్క్రూ విప్పడు. సగం జవాబు చెబితే మిగతా సగం రాబట్టేదాకా వదలడు.

ఢిల్లీ లక్ష్మీ నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ మెట్ల కింద ఆయన దుకాణం. టీవీ తెర మీద పైనుంచి కిందిదాకా ఒక నల్ల గీతో పచ్చ గీతో వచ్చి నిలబడిందనుకోండి, కంపెనీవాళ్లు "ప్యానెల్ పోయింది, కొత్తది కొనుక్కోండి" అని చేతులు దులుపుకుంటారు. జాన్‌బాబు పోలేదంటాడు. ఆ గాజులో వెంట్రుక కంటే సన్నటి తీగలు వేలల్లో ఉంటాయట. ఒకటి తెగితే ఒక గీత. మైక్రోస్కోపు కింద ఆ తెగిన చోటు పట్టుకుని అతికిస్తాడు.

"ఢిల్లీ, నోయిడా, గుడ్‌గావ్ మొత్తంలో ఈ పని నాలాగా చేసేవాడు ఇంకొక్కడున్నాడండీ. వాడికి నేనే నేర్పాను" అంటాడు. గొప్పలు పోతున్నట్టు కాదు, రేపు వాన పడుతుందని చెప్పినట్టు.

ఆయన భార్య ఫ్లోరా ఆసుపత్రిలో నర్సు. "కేస్ హిస్టరీ సరిగ్గా తీసుకుంటే సగం జబ్బు తెలిసిపోతుంది" అని ఆవిడ ఎప్పుడో అన్న మాటని ఈయన తెచ్చి టీవీలకి తగిలించాడు. ఫ్లోరాని అడిగితే తల కొట్టుకుంటుంది. "నేనన్నది మనుషుల గురించండీ బాబూ!"

మా టీవీకి గీత పడ్డప్పుడు నేనూ మా ఆవిడ ప్రీతీ దాన్ని పెళ్లికూతురిలా దుప్పటి కప్పి ఢిల్లీ ఆ చివరున్న ద్వారక నుంచి క్యాబ్‌లో తీసుకెళ్లాం.

"ఎవరు చూస్తారండీ?"

"అందరం చూస్తాం. నేనైతే వార్తలే" అన్నాను హుందాగా.

"మధ్యాహ్నం?"

"మధ్యాహ్నం ఆఫీసులో ఉంటాను కదా."

"ఇంటినుంచి పనిచేసే రోజున?"

నేను ఫ్యాను వైపు చూశాను. ప్రీతి అందుకుంది. "సీరియల్ చూస్తారు అన్నయ్యా. అందులో కోడలు ఏడిస్తే ఈయనా ఏడుస్తారు. మీటింగ్‌లో వీడియో ఆపేసుకుని మరీ!"

వెనక నిలబడ్డ ఢిల్లీ ఆవిడ కిసుక్కున నవ్వింది. ఆవిడకి తెలుగు రాదు. కానీ సీరియల్, మీటింగ్, వీడియో, నా మొహం, ఈ నాలుగూ చాలు కదా.

జాన్‌బాబు మాత్రం నవ్వలేదు. "సోఫాలో ఏ పక్క కూర్చుంటారు?"

"కుడి పక్క."

"గీత కూడా కుడి పక్కే. ఇన్నాళ్లూ ఆ కోడలి మొహం మీకు సగమే కనబడి ఉంటుంది. అర్జెంటు కేసండీ" అని మా టీవీని వరసలో ముందుకి జరిపాడు. ఆ క్షణంలో నాకు ఆయన మీద కోపం రావాలో, గౌరవం కలగాలో తేలలేదు.

నా తర్వాత వంతు ఆ ఢిల్లీ ఆవిడదీ, ఆవిడ భర్తదీ.

"కౌన్ దేఖ్‌తా హై, భాయ్‌సాబ్?"

"అరే భయ్యా, సబ్ దేఖ్‌తే హైఁ."

"రిమోట్ కిస్‌కే పాస్ రహతా హై?"

రిమోట్ ఎవరి దగ్గర ఉంటుందనేసరికి భర్త భార్య వైపు చూశాడు. నవ్వడం ఈసారి మా వంతయింది.

ఇంతటితో అయిపోదు. చివర్లో ఇంకో ప్రశ్న ఉంటుంది: "సరేనండీ, ఎవరు చూడరు?"

"చూడనివాళ్లతో నీకేం పనయ్యా?" అన్నానొకసారి.

"సిగ్నల్ ఇక్కడ బయల్దేరితే చాలదండీ. చివరి చుక్క దాకా చేరిందో లేదో చూసుకోవాలి. గీతంటే ఏంటనుకున్నారు? అందని చుక్కలన్నీ వరసగా నిలబడితే గీత."

నేను తలూపాను. ఇలాంటి మాటలకి తలూపితేనే మన టీవీ త్వరగా వస్తుంది.

ఇక మా సంఘం సంగతి. ద్వారకలో అద్దె హాల్లో ఆదివారం ఆరాధనకి కూడే తెలుగువాళ్లం మేము. సగంమంది నర్సులు, మిగతా సగం నర్సుల భర్తలు. మా కార్యదర్శి సైమన్ గారు పట్టుబట్టి హాలుకి పెద్ద టీవీ కొనిపించారు. పాట ఏదైనా తెర మీద పైన తెలుగులో, కింద మా పిల్లల కోసం ఇంగ్లీషు అక్షరాల్లో వస్తుంది. పాటల పుస్తకాలు అటకెక్కాయి. సరిగ్గా వార్షికోత్సవం దగ్గర పడుతుండగా టీవీ నడిమధ్యన నల్లటి గీత దిగింది.

"మన జాన్‌బాబు బ్రదరుండగా భయమేంటి!" అంటూ సైమన్ గారు ఆరాధన అవగానే ఆయన్ని పట్టుకున్నారు.

"ఎవరు చూస్తారండీ?" అన్నాడు జాన్‌బాబు.

"ఎవరేంటి బ్రదర్, సంఘమంతా!"

"ఎవరు చూడరు?"

"చూడనివాడు అసలు విశ్వాసే కాదు!"

జాన్‌బాబుకి ఆ హిస్టరీ తృప్తినివ్వలేదు. మరుసటి ఆదివారం ఆయన కుర్చీ లాక్కుని టీవీకి వీపు పెట్టి, మా వైపు తిరిగి కూర్చున్నాడు. పాటలు పాడినంతసేపూ మమ్మల్ని వరసవారీగా, ఎడమనుంచి కుడికి, పైనుంచి కిందికి పరీక్షించాడు. ఆడవాళ్లు కొంగులు సర్దుకున్నారు. నేను రెండో చరణం బదులు మూడోది పాడాను. పాస్టరు గారు కూడా తన చొక్కా గుండీలు తడిమి చూసుకున్నారు. "అంకుల్ హమ్‌కో స్కాన్ కర్ రహే హైఁ" అని చిన్నపిల్ల ఫెయిత్ హిందీలో పైకే అనేసింది, అంకుల్ మనల్ని స్కాన్ చేస్తున్నాడని.

సోమవారం టీవీని లక్ష్మీ నగర్ తీసుకుపోయాడు. తర్వాత ఎప్పుడడిగినా ఒకటే మాట: "అబ్జర్వేషన్‌లో ఉందండీ."

టీవీ లేదు, అటక మీది పుస్తకాలు ఎలకల పాలయ్యాయి. సైమన్ గారికి మా ఊళ్ల పాత పద్ధతే గతయింది. పుస్తకం ఆయన దగ్గరొక్కటే మిగిలింది. ఆయన నిలబడి ఒక్కో చరణం గట్టిగా చదివి చెప్పాలి, మేం అందుకుని పాడాలి. మొదటివారమే ఆయన గొంతు బొంగురుపోయింది.

అప్పుడే హాలు చివరి వరసలోంచి ఒక గొంతు లేచింది. కంచు మోగినట్టుంది. మేమంతా వెనక్కి తిరిగాం. దీనమ్మ గారు! ఫెయిత్ అమ్మమ్మ. కూతురు స్తుతి డ్యూటీకి వెళ్తే మనవరాలిని చూసుకోవడానికి రేపల్లె నుంచి వచ్చిన మనిషి. ఆవిడది మెతక స్వభావమనీ, చప్పట్లు తప్ప పాట రాదనీ మేం అనుకుంటూ వచ్చాం. ఆవిడకి రానిది అక్షరాలండీ, పాట కాదు. చరణం ఒక్కసారి చెవిన పడితే ఇంక ఆవిడని ఆపేవాడు లేడు. ఆవిడ వచ్చేసరికే ఇక్కడ టీవీ ఉంది, చరణం చెప్పే మనిషి లేడు, ఆవిడ చప్పట్లకి దిగిపోయింది. ఇప్పుడు వారానికో వరస ముందుకొచ్చి, నా పక్కకే చేరింది. హిందీ రాక వారమంతా మూసుకున్న నోరు ఆదివారం తెరుచుకుంటే ఎలా ఉంటుందో నా ఎడమ చెవినడగండి.

"టీవీ వచ్చేస్తే మళ్లీ ఎనక్కే కాబోలు" అందొకరోజు నాతో, తెర ఉండే గోడ వైపు చూస్తూ. ఫిర్యాదులా కాదు, బస్సు టైమయిందన్నట్టు.

వార్షికోత్సవం వారంలో సైమన్ గారి ఓపిక అయిపోయింది. నన్ను వెంటేసుకుని లక్ష్మీ నగర్ వెళ్లారు.

"బ్రదర్, రేపు గుంటూరు నుంచి పెద్ద పాస్టరు అయ్యగారొస్తున్నారు. ఇవాళ టీవీ ఇస్తారా, ఇంకో షాపుకి తీసుకుపొమ్మంటారా?"

"ఇంకో షాపువాడు కూడా నా దగ్గరకే పంపిస్తాడండీ" అని జాన్‌బాబు తాపీగా స్విచ్ వేశాడు. తెర వెలిగింది. గీత లేదు, గీత ఉండేదన్న గుర్తూ లేదు.

"తీగ గాజు లోపల తెగింది. ఇటునుంచి పంపితే సిగ్నల్ సగం దారిలో ఆగిపోతోంది. అంచున ఖాళీగా పడున్న తీగ ఒకటుంటుంది. దాన్ని లేజర్‌తో కలిపి, చుట్టూ తిప్పి, అవతలి చివర నుంచి పంపాను. అందింది" అన్నాడు. తర్వాత వేలెత్తాడు. "కానీ వారంటీకి ఒక షరతండీ."

"చెప్పండి బ్రదర్."

"కదలకుండా నిలబడే అక్షరాలు ఈ ప్యానెల్‌కి పడవు, మచ్చ పడిపోద్ది. ప్రతి చరణానికీ ముందు తెర నల్లగా ఉంచాలి. అప్పుడు మీరు ఆ చరణం చదివి చెప్పాలి. ఆ తర్వాతే అక్షరాలు."

"ఎంతసేపు నల్లగా ఉంచాలి?"

"మీరు చదివినంతసేపు. మెల్లగా చదవాలి. వెనక వరసకి వినబడేలా చదివితే ప్యానెల్ ఇంకా బాగా చల్లబడుద్ది."

గొంతు పెంచితే గాజు చల్లబడడమేంటని నాకు అనుమానం వచ్చింది. సైమన్ గారికి రాలేదు. ఆయన శ్రద్ధగా తలూపారు.

వార్షికోత్సవం బ్రహ్మాండంగా జరిగింది. తెర నల్లబడడం, సైమన్ గారు చరణం చెప్పడం, దీనమ్మ గారు అందరికంటే అరక్షణం ముందే అందుకోవడం, ఆ తర్వాత అక్షరాలు తీరిగ్గా రావడం. గుంటూరు అయ్యగారు మురిసిపోయారు. "టీవీ ఉండి కూడా పాత పద్ధతి వదల్లేదు చూడండి, ఢిల్లీలో!"

"వదలమండీ. మన సంప్రదాయం కదా" అన్నారు సైమన్ గారు, గొంతు పూర్తిగా పోయినా.

మొన్న అటువైపు వెళ్లి జాన్‌బాబుని అడిగాను. "నేను చూసే ఛానెల్ ముద్ర రోజంతా మూలన కదలకుండా ఉంటుంది. మా టీవీకీ మచ్చ పడుతుందా?"

"మీ టీవీకేం కాదండీ. హాయిగా ఏడవండి."

"మరి చర్చి టీవీకి?"

ఆయన తల మైక్రోస్కోపులోకి దిగిపోయింది. "ఆ కేస్ హిస్టరీ వేరండీ."

"సైమన్ గారికి ఎప్పుడు చెబుతావయ్యా?"

"వారంటీ అయిపోయాక."

"ఎన్నాళ్లయ్యా వారంటీ?"

జాన్‌బాబు తలెత్తి, కళ్లజోడు నుదుటి మీదికి తోశాడు.

"దీనమ్మ గారి గొంతు మీ పక్కనుంచే కదండీ వస్తుంది, మీరే చెప్పండి. ఎంత లేదన్నా ఇంకో ముప్పై ఏళ్లు ఢోకా లేదు."