చేప కంటి పూస

నా చిన్నప్పుడు మా ఇంట్లో చేపల పులుసు వండిన రోజంటే తలకాయ కోసం తగవు జరిగిన రోజే. పిల్లలందరిలో అది ఎక్కువసార్లు నాకే దక్కేది, అందరికంటే గట్టిగా ఏడ్చేదాన్ని నేనే గనక. బడికి తొందరగానే దండం పెట్టేశాను గానీ, నాకొచ్చిన ఒకే ఒక్క సైన్సు పాఠం ఆ తలకాయ దగ్గరే నేర్చుకున్నాను.

మాది శ్రీకాకుళం వైపు సముద్రపు ఒడ్డు. మా తాత వల లాగేవాడు కాదు, చూసేవాడు. ఇసుక దిబ్బ మీద నిలబడి, నీళ్ల రంగు మారిన చోటు కనిపెట్టి, చేపల గుంపు అక్కడుందని భుజం మీది తువ్వాలు ఊపేవాడు. పడవ అటు వెళ్లి వల చుట్టేది. ఆ పూట ఊరి కూర ఆ తువ్వాలు మీదే ఆధారపడేది.

అలాంటి తాత ఒక ఏడాది పడవని ఖాళీ నీళ్ల మీదికి పంపడం మొదలుపెట్టాడు. వలలో నాచు తప్ప ఏమీ వచ్చేది కాదు. మిట్టమధ్యాహ్నం ఎండలో కళ్లు తెరవలేకపోయేవాడు, పొద్దు వాలాక కాస్త నయం. దీపం చుట్టూ వెలుగు గుడి కట్టిందనేవాడు, చందమామలు ఇద్దరయ్యారనేవాడు. తెల్లగా ఉతికిన పంచె పట్టుకుని, "పసుపులో ముంచీసినావేటే?" అని మామ్మతో దెబ్బలాడేవాడు. తప్పు తన కంటిదని మాత్రం ఒప్పుకోడు. సముద్రమే మసకబారిందట. సంతకెళ్లినప్పుడల్లా ఒక కళ్లజోడు కొనుక్కొచ్చేవాడు. ఏ అద్దమూ ఆ మసక తుడవలేకపోయింది.

చివరికి వలవాళ్లు వచ్చి, వచ్చే అమావాస్య దాటాక దిబ్బ మీద ఇంకొకరిని నిలబెడతామని మర్యాదగానే చెప్పి వెళ్లారు. తాత ఆ పూట అన్నం ముట్టలేదు. పట్నంలో కంటి శిబిరం పెట్టారనీ, శుక్లాలు తీస్తారనీ కబురొచ్చింది గానీ, ఆయన కదల్లేదు. కన్ను తవ్వేసి మేక కన్ను పెడతారని ఎవడో ఆయన చెవిలో ఊదాడు.

"మేక కన్నెడితే మరీ మంచిదే. పక్కోల పెరడు మేసొస్తావు, మనింట్లో బియ్యం మిగుల్తాది," అంది మామ్మ.

తాత నవ్వలేదు. మామ్మ ఆ రోజు రెండు తలకాయలు తెచ్చి ఒకటి పులుసులో వేసింది, ఒకటి పచ్చిగానే ఉంచింది. నన్ను తాత పక్కన కూర్చోబెట్టి, పచ్చి తలకాయ కన్ను కోసి, లోపలి పూస తీసి, కడిగి నా అరచేతిలో పెట్టింది.

"సూసి తాతకి సెప్పు. ఏటి కనబడతంది?"

అది గాజుపూసలా ఉంది. దాని కింద నా చేతి గీత పెద్దదై కనిపించింది. ఆ మాటే చెప్పాను. తర్వాత పులుసులో ఉడికిన కంటి నుంచి పూస తీసి అదే చోట పెట్టింది.

"ఇప్పుడో?"

"ఏటీ కనబడనేదు మామ్మా. సున్నప్పూసలాగున్నాది."

రెండు పూసల్నీ మామ్మ తాత వేళ్ల మధ్య పెట్టింది. ఆయన తిప్పి తిప్పి తడుముకున్నాడు. రెండూ ఒకే గుండ్రం.

"పొయ్యి సెగకి ఇది తెలుపెక్కింది, ఏళ్ల సెగకి నీది తెలుపెక్కింది. పైన ఎన్ని అద్దాలెడితే ఏటి లాభం? ఆ డాక్టర్లు తీసేది ఈ పూసని. కంటిని కాదు," అంది.

తాత నా వైపు తిరిగి, "గీత నిజింగానే కనబడిందేటే?" అని మెల్లగా అడిగాడు. సముద్రానికి భయపడని మనిషి గొంతులో భయం వినడం నాకదే మొదలు. కనబడింది తాతా అన్నాను. మర్నాడు శిబిరానికి వెళ్లాడు.

ఆ రోజుల్లో పూస తీసిన చోట ఇప్పట్లా కొత్తది పెట్టేవారు కాదు, సోడాబుడ్డి అద్దాలిచ్చేవారు. అవి పెట్టుకోగానే తాత దిబ్బ మీదికి పరిగెడతాడనుకున్నాం. ఆయన ముందు మామ్మ వైపు చూశాడు.

"ఒసే, నీ జుత్తు ఎప్పుడు నెరిసిపోనాదే?"

"నువ్వు సూడ్డం మానీసినప్పుడు," అని మామ్మ పొయ్యి వైపు తిరిగిపోయింది. పొగ లేకపోయినా కళ్లు తుడుచుకుంది.

దిబ్బ మీద తువ్వాలు మళ్లీ ఊగింది. మా ఇంట్లో తలకాయ తగవూ మళ్లీ మొదలైంది.

ఇప్పుడు నేను బజార్లో చేపలమ్ముతాను. కొనేవాళ్లు చేప కన్ను చూసి తాజాదో కాదో తేలుస్తారు. వాళ్లు చేప కన్ను చూస్తుంటే నేను వాళ్ల కన్ను చూస్తాను. నల్లగుడ్డు నడుమ తెల్లగా మెరిసిందా, నా నోరు ఊరుకోదు. నా చేప బాగానే ఉంది బావా, ముందు నీ కన్ను డాక్టరుకి సూపించుకో అంటాను. శుక్లం ముదరాలి కదా అని కొందరు దాటేస్తారు. ముదరబెట్టి ఊరగాయ పెడతావేటి అంటాను. తిట్టుకుంటూ వెళ్లినవాళ్లలో కొందరు నెలా రెండు నెలలకి తిరిగొచ్చి, చేపల కంటే ముందు నా మొహం చూసి, "ఇంత ముసిల్దానివేటి నువ్వు!" అని ఆశ్చర్యపోతారు.

అలా అన్నవాళ్లకి తలకాయ ఊరికే ఇచ్చేస్తాను.