తాతయ్య శ్రుతి మార్చిన సాయంత్రం

నా చిన్నప్పుడు మా ఇంట్లో తేనెమైనం మెత్తబరచడం నా పని. ముత్తుకూరు దాటి సముద్రం వైపు పోతే వచ్చే చిన్న ఊరు మాది. మేళం మా ఇంటి వృత్తి. నాన్నది సన్నాయి, తాతయ్యది శ్రుతి సన్నాయి. దూరం నుంచి చూస్తే రెండూ ఒకటే. కానీ శ్రుతి సన్నాయి మీద వేళ్ళు ఆడించే కన్నాలు ఉండవు. పాట మొదలైనప్పటి నుంచి అయ్యేదాకా, బుగ్గల్లో గాలి నిలుపుకుని ముక్కుతో ఊపిరి తీసుకుంటూ, ఒకే స్వరాన్ని తెగకుండా ఊదాలి. అడుగున మాత్రం నాలుగైదు చిన్న కన్నాలుంటాయి. వాటికి మైనం పెడితే స్వరం దిగుతుంది, తీస్తే ఎక్కుతుంది. సముద్రపు గాలికి గట్టిపడ్డ మైనాన్ని వేళ్ళ మధ్య నలిపి తాతయ్యకు అందించేదాన్ని.

నేను బడికి పోలేదు. రామాయణం ముందు పెట్టి నాన్న అక్షరాలు నేర్పించాడు, వాయిద్యాల సంగతి తాతయ్య చెప్పాడు. "పిల్లనగ్రోవి స్వామిని నిద్రపుచ్చేదానికి, సన్నాయి ఊరిని లేపేదానికి అమ్మణ్ణీ" అనేవాడు. "మరి నీదో?" అని అడిగితే, "నాది అయ్యి రెండూ నిలబడే నేల" అని నవ్వేవాడు.

ఒక ఏడు నాన్న చెల్లెలికి, మా చిన్నత్తకు పెళ్ళయింది. ఆమె భర్త, మా చిన్నమామ, నెల్లూరు బ్యాండుమేళంలో క్లారినెట్టు వాయించేవాడు. శ్రీరామనవమికి మా మేళంలో కలిసి ఊరేగింపులో వాయిస్తాడని అత్త వీధి వీధంతా చెప్పుకొచ్చింది. తీరా ఆ రోజు బస్సు ఆలస్యమై, పల్లకి లేచే వేళకు వచ్చాడు. కలిసి ఒక్కసారి వాయించి చూసుకోవడానికి కూడా పొద్దు లేకపోయింది.

పెట్టె తెరవగానే పిల్లలమంతా మూగాము. నల్లటి కర్ర, దాని మీద వెండిలా మెరిసే మీటలు. ఆయన రెండు స్వరాలు పలికించేసరికి నా ఒళ్ళు పులకరించింది. పిల్లనగ్రోవిలోని మెత్తదనమూ ఉంది, సన్నాయిలోని నిండుదనమూ ఉంది.

పల్లకి కదిలింది. నాన్న అందుకున్నాడు, ఆయన వెనకాలే మామ అందుకున్నాడు. అంతే, చెవుల్లో ఇసుక పోసినట్టయింది. క్లారినెట్టు మా శ్రుతి కంటే పైనుంది. ఎక్కువేం కాదు, కానీ సంగీతంలో ఆ కాస్తే చాలు. మామ కర్ర అతుకును లాగి పొడవు చేసి చూశాడు, స్వరం కొంచెం దిగి ఆగిపోయింది. జనం నవ్వారు. తాతయ్యకు బావమరిది, మా డోలు పెద్దాయన, నోరు కట్టేసుకునే మనిషి కాదు.

"ఏందబ్బయా, నీ నల్లకర్ర ఇంకా నెల్లూరు బస్సులోనే కూర్చోనుండాదా?"

మామ ముఖం నల్లబడింది. క్లారినెట్టును ఊడదీయబోయాడు. హారతి పళ్ళెం పట్టుకున్న అత్త ఆడవాళ్ళ మధ్య నిలబడి భర్తనే చూస్తోంది. ఆయన ఆ పెట్టె మూస్తే మళ్ళీ మా గడప తొక్కడని, అత్త అత్తారింట్లో తలెత్తుకోలేదని నాకు ఆ వయసులోనే తెలిసిపోయింది.

తాతయ్య చెయ్యెత్తాడు. డోలు ఆగింది, పల్లకీ ఆగింది. ఆయన వీధిలోనే కింద కూర్చుని, శ్రుతి సన్నాయిని ఒడిలో పెట్టుకుని, గోటితో మైనం గీకడం మొదలుపెట్టాడు.

"అల్లుడా, నీ 'స' ఒక్కసారి పలికించు."

మామ ఊదాడు. తాతయ్య ఊదాడు. ఈసారి మాదే పైకి పోయింది. "అమ్మణ్ణీ, శనగ్గింజంత" అన్నాడు. నలిపి ఇచ్చాను. దాన్ని సగం కన్నానికి అదిమాడు. మళ్ళీ ఊదాడు, మళ్ళీ అదిమాడు. చివరికి ఏది ఎవరిదో తెలియకుండా రెండూ ఒకే స్వరమయ్యాయి. అది చూసి నాన్న తన సన్నాయికి నోట పెట్టుకునే పీక తీసి, స్వరం ఎక్కేలా పొట్టిది పెట్టుకున్నాడు.

డోలు పెద్దాయన ఊరుకోలేదు. "మన తాతల కాడ్నించి వస్తాండే శ్రుతి బావా! కూతురినిచ్చినోడు దిగాల్సిందేలే."

"దిగలేదురా, ఎక్కినాను" అన్నాడు తాతయ్య. "ఆ కర్రకి కన్నాలు కోసేసినారు, అది కదల్దు. మనది కదుల్తది. కదిలేదాన్ని పట్టుకుని మొండికేస్తే రామయ్య ఈడనే నిలబడాల."

పల్లకి మోసేవాళ్ళు ముందు నవ్వారు. ఆ తర్వాత పెద్దాయనా నవ్వి డోలు మీద ఒక్క దెబ్బ వేశాడు. నాన్న సన్నాయి ముందు నడిచింది. అది ఊపిరి తీసుకునే చోటల్లా మామ క్లారినెట్టు చేపపిల్లలా జారి వచ్చి ఆ ఖాళీని నింపింది. వెనకాల తాతయ్య, బుగ్గలు నిండుగా, ఒకే స్వరం. మైనం ముద్ద పిడికిట్లో పట్టుకుని ఆయన పక్కన నేను, ఊరేగింపు నాదే అన్నంత గర్వంగా నడిచాను. హారతి పట్టేటప్పుడు అత్త కళ్ళు ముందు స్వామి మీద, తర్వాత వాళ్ళ నాన్న మీద నిలిచాయి. ఆ తర్వాత ఏ నవమికీ మామ రావడం మానలేదు.

నా కొడుక్కి పెళ్ళైన కొత్తలో, కోడలు పూజగదిలో మంగళహారతి వాళ్ళ ఊరి వరసలో ఎత్తుకుంది. ఆ పిల్లకి మన ఇంటి వరస నేర్పించమ్మా అని చుట్టాలు నా చెవినేశారు. నేను ఆమె పక్కన కూర్చుని ఆ వరస నేర్చుకున్నాను. పెద్దదాన్ని, గొంతు మొదట ఒప్పుకోలేదు. పట్టుబడ్డాక, ఆ పిల్ల ఊపిరి తీసుకునే చోట నేను అందుకుంటున్నాను. ఇంత భాగ్యం ఇచ్చిన స్వామికి రోజూ దణ్ణం పెట్టుకుంటాను, ఆ వెంటనే మా తాతయ్యకు.