అయ్యగారి సాళ్లు

ఈమధ్య అంగళ్లలో అమ్మే వేయించిన వేరుశెనగల పొట్లాల మీద, ఒక మూల చిన్న కత్తెర బొమ్మ వేసి ఇక్కడ చింపండి అని రాస్తున్నారు కానీ, నా అనుభవంలో ఆ ఒక్కచోట తప్ప అది ఎక్కడైనా చినుగుతుంది. మొన్న సాయంత్రం దానితో పావుగంట పెనుగులాడి, పళ్ల సాయం తీసుకుందామనుకుని, మిగిలిన పళ్లను తలుచుకుని విరమించుకున్నాక, నా భార్య ఆ పొట్లం తీసుకుని బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కింది. అది వెంటనే నోరు తెరిచింది. ఆమె చేతికి వేరుశెనగ ఇట్టే లొంగిపోవడం ఇరవయ్యేళ్ల కిందటే చూశాను. అప్పుడూ నాకు ఇలాగే కడుపు మండింది.

రెండువేల సంవత్సరం దాటిన తొలిరోజులవి. కర్నూలు కాలేజీలో ముప్పయ్యేళ్లు తర్కశాస్త్రం చెప్పి రిటైరైన నన్నూ, జీవితమంతా నా తర్కాన్ని ఓపికగా విన్న ఆమెనూ, మా సంఘం పెద్దలు పత్తికొండ వైపు ఒక మెట్టపల్లెకు మిషనరీ దంపతులుగా పంపారు. మిషనరీలు వస్తున్నారని విని దొరనీ దొరసానినీ చూద్దామని బస్సు దగ్గరికి పరుగెత్తుకొచ్చిన పిల్లలు, బస్సులోంచి మేమిద్దరం దిగడం చూసి, ఇంకా ఎవరైనా దిగుతారేమోనని చాలాసేపు నిలబడ్డారు.

చర్చి పక్కనే రెండు గదుల మిద్దె మాది. వసారాలో కూర్చుంటే ఎదురుగా ఆ ఊరి సంఘపెద్ద ఎర్రచేను, దాని అంచున ఎవరో కుప్పపోసి మరిచిపోయినట్టు గుండ్రాళ్ల గుట్ట, ఆ పైన మేఘం అన్నది ఎరగని ఆకాశం కనిపించేవి. పొద్దు పొడిచేవేళ గుట్ట మీది రాళ్లన్నీ కాసేపు కాల్చిన ఇటుక రంగుకు తిరిగేవి. ఆ కాసేపట్లోనే ఆమె చేతిపంపు నుంచి రెండు బిందెలు తెచ్చేది, నేను చర్చి గంట కొట్టేవాణ్ని. నా గంటకు ఇద్దరు ముసలివాళ్లు, ఒక్కోసారి ఒక మేక వచ్చేవి. ఆమె ఏ గంటా కొట్టేది కాదు. పది గంటలయ్యేసరికి మా వసారా ఆడవాళ్లతో నిండిపోయేది.

వాళ్లు వచ్చేది విత్తనాలు ఒలవడానికి. వేరుశెనగను అక్కడ బుడ్డలంటారు. మరలో ఆడిస్తే విత్తనం చిట్లుతుందని, నాటే బుడ్డలను ఇంటింటా చేతితోనే ఒలిచేవారు. నా భార్య వారం తిరక్కుండానే ఆ పని నేర్చుకుని, ఒక్క గింజ పొట్టు కూడా రేగకుండా ఒలుస్తూ, అత్తల ఆగడాలూ కోడళ్ల నొప్పులూ కళ్లు తుడుచుకోవడాలూ పకపకలూ అన్నీ ఒళ్లో పోసుకునేది. నేను గడప దాటి వసారాలో అడుగుపెట్టానో, కొంగులు తలల మీదికి వచ్చేవి, నవ్వులు ఆగిపోయేవి, ఎవరో ఒకరు లేచి నాకు మర్యాదగా కుర్చీ వేసేవారు. అంత మర్యాద మనిషిని ఎంత ఒంటరిని చేస్తుందో ఆ కుర్చీలో కూర్చున్నవాడికే తెలుస్తుంది. నేను మూడు రాత్రులు తయారుచేసిన ప్రసంగం ఆదివారం గుమ్మం దాటేది కాదు. ఆమె రొట్టె కాలుస్తూ అన్న మాట సాయంత్రానికి ఊరు చుట్టి వచ్చేది. మిషన్‌కు మూణ్ణెల్లకోసారి రాసే ఉత్తరంలో ఆమె చేసినవన్నీ 'మేము' చేశామని రాసి పంపేవాణ్ని. ఆ మాటలో నేను కూడా ఉన్నాను కదా అని తర్కం చెప్పుకునేవాణ్ని.

మా సంఘం రైతులకు ఒక ఆచారం ఉండేది. వాన పడి విత్తే గొర్రు కట్టిన రోజు, విత్తనాల గంప ముందు ప్రార్థన చేయించి, మంచి చెయ్యి అనుకున్న వాళ్లతో తొలి గుప్పెడు జడ్డిగంలో, అంటే గొర్రుకు అమర్చిన చెక్కగిన్నెలో, పోయించేవారు. ఆ ఏడు జూన్ అంతా ఎండగట్టి, జూలైలో ఒక సాయంత్రం గట్టివాన పడింది. తెల్లారుతూనే సంఘపెద్ద మా గుమ్మంలోకి వచ్చాడు. నేను ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, బైబిలు చంకన పెట్టుకుని ఎదురెళ్లాను.

"అమ్మగారు లేచిండారా అయ్యగారూ? చేనికి రావల్ల."

పిలవనిది ఆమెనే అయినట్టు నేనే ముందు నడిచాను. చేలో ఎద్దులు కట్టి ఉన్నాయి. వాటిలో ఒకటే అతనిది, రెండోది బావమరిదిది, మధ్యాహ్నానికల్లా తిరిగిచ్చెయ్యాలి. పైగా గాలి తోలుతోంది. ఆ గాలికి నేలలోని తడి, వాళ్లు పదును అంటారు, మరునాటికి నిలవదు. ఇవన్నీ నాకు తరువాత తెలిశాయి. అప్పుడు తెలిసిందల్లా ఊరంతా చూస్తోందని, ఆమె చెయ్యి గంప వైపు వెళుతోందని. ప్రార్థన నేను చేస్తానన్నాను. కాదనలేక సంఘపెద్ద తలపాగా తీశాడు. సృష్టి మొదటి దినంతో ఎత్తుకుని, నోవహు ఓడ మీదుగా, ఐగుప్తు కరువులో కాస్త ఆగి, ఏలీయా సేవకుడు చూసిన, వాన తెచ్చిన అరచేయంత మేఘం దాకా వచ్చాను. అంత బాగా నేను ఎన్నడూ ప్రార్థించలేదు. మేఘాన్ని ఇంకా పెద్దది చేస్తుండగానే సంఘపెద్ద తల్లి, ఎనభయ్యేళ్ల మనిషి, గట్టిగా అరిచింది.

"ఆమేన్! శానా అయింది సామీ, ఎద్దులు నిలబడలేక సస్తాండాయి!"

అందరూ ఆమేన్ అన్నారు. ఆమేన్ అనడంలో ఆ సంఘంలో అంత ఏకమనస్సు నేను మళ్లీ చూడలేదు. నా భార్య గంప మీద చెయ్యి పెట్టి, వాన నీది, గింజ నీది, మా చేతుల్ని కాస్త చూసుకో తండ్రీ, అని తొలి గుప్పెడు జడ్డిగంలో పోసింది. ఎద్దులు కదిలాయి.

మధ్యాహ్నం బావమరిది వచ్చి ఎద్దును విప్పుకుపోయేసరికి మా వసారా వైపు చివర పది సాళ్లు మిగిలిపోయాయి. మరునాటికి పదును పోయింది, ఆ తరువాత నెలదాకా చినుకు లేదు. చేనంతా మొలిచి పచ్చబడింది. ఆ పది సాళ్లు మాత్రం, నేను కాఫీ తాగే కుర్చీకి సూటిగా, ఎర్రగా మిగిలాయి. ఊరు వాటికి అయ్యగారి సాళ్లని పేరు పెట్టింది. ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. విత్తిన రోజు రాత్రే రొట్టె తడుతూ నా భార్య మాత్రం ఒకటి అడిగింది, ఆ ప్రార్థన దేవుడికి వినిపించడానికా, తనకు వినిపించడానికా అని. పప్పులో ఉప్పు తక్కువైందన్నాను.

ఆలస్యంగా ఆ సాళ్లలో ఉలవలు చల్లారు. పంట వచ్చాక సంఘపెద్ద రెండు మూటలు తెచ్చి, బుడ్డలు అమ్మగారికి, ఉలవలు అయ్యగారికి అని ఎవరివి వాళ్ల ముందు పెట్టాడు. అతని మొహంలో ఎగతాళి కోసం ఎంత వెతికినా దొరకలేదు, ఉంటే నాకు బాగుండేది. చలికాలమంతా ఉలవచారు తాగాను. రుచిగానే ఉంది.

ఇప్పుడు మేం కర్నూలులో ఉంటున్నాం. ఆ పల్లెలో ఎద్దులు లేవు, జడ్డిగాన్ని అటక మీద పెట్టేశారట. విత్తనం మందు పట్టించి సంచుల్లో వస్తోంది, ఒలిచేవాళ్లు లేరు, కాబట్టి వసారాలో కూర్చుని కష్టం చెప్పుకునేవాళ్లూ లేరు. నేను వస్తే నవ్వు ఆపేవాళ్లు కూడా లేకపోవడం ఇంత వెలితిగా ఉంటుందని అనుకోలేదు. ఒక్క ఆచారం మాత్రం మిగిలింది. తొలివాన పడ్డ మరునాడు, విత్తే ముందు ప్రార్థన కోసం సంఘపెద్ద చేలోంచి ఫోను చేస్తాడు. ఇంట్లో ఉన్నది నా ఫోను ఒక్కటే కనుక ఎత్తేది నేనే. ఈ ఏడూ మోగింది. కుశలం అడిగి, గొంతు సవరించుకుని, సృష్టి జోలికి పోకుండా నేరుగా మేఘంతోనే మొదలుపెట్టబోయాను. అవతల ట్రాక్టరు చప్పుడును మించి అతని గొంతు వినిపించింది.

"అయ్యగారూ, ఫోను అమ్మగారికియ్యండి. పదును పోతాండాది."