మా వీధి నేరాల పట్టిక

ఆ రోజుల్లో గోసాని నువాగాంలోని మా వీధిలో ప్రతి తలుపుకీ గొళ్లెం ఉండేది గాని, దాన్ని పెట్టే అలవాటు ఎవరికీ ఉండేది కాదు. మధ్యాహ్నం పూట కుక్క లోపలికి రాకుండా గుమ్మానికి ఒక పీట అడ్డం పెడితే అదే మా భద్రత. అలాంటి వీధికి దొంగల వీధి అని పేరు తెచ్చిపెట్టిన ఘనత నాది. ఒక్క తాళం పగలగొట్టకుండా, ఉత్త కూడికలతోనే ఆ పని చేశాను.

అప్పటికి నాకు ఇరవై నాలుగేళ్లు. చదువు పదో తరగతితో ఆగింది. గోదాములో బస్తాలు లెక్కపెట్టే ఉద్యోగం. శాతాలూ సగటులూ ఒక పాత పుస్తకం ముందు పెట్టుకుని నాకు నేనే నేర్చుకున్నాను. అలా నేర్చుకున్నవాడికి ఒక జబ్బు ఉంటుంది. నేర్చినదాన్ని ఎక్కడో ఒకచోట వాడేదాకా అన్నం సయించదు. ఆ అవకాశం మా ఇత్తడి బిందె వల్ల వచ్చింది. ఒక సందెవేళ అమ్మ దాన్ని వీధి కుళాయి కింద పెట్టి, ఎండుచేపలు బేరమాడి వచ్చేసరికి బిందె లేదు. కుళాయి దగ్గర దీపం వేయించమని వార్డు మెంబరుని అడగబోయాను. "ఒక్క బిందెకి దీపమేటి బాబూ? నేరాలు ఎన్నో లెక్క తే, సూద్దాం," అన్నాడాయన. నన్ను వదిలించుకోవడానికి అన్న మాట అది. నేను దాన్ని ఉద్యోగపు ఉత్తర్వులా తీసుకున్నాను.

ఏడాది పాటు, ఆదివారం ఆదివారం, ముప్ఫై రెండిళ్లూ తిరిగాను. "ఈ వారం మీ ఇంట్లో ఏం పోయింది?" అని అడిగేవాణ్ణి. మొదట్లో ఏమీ పోలేదనేవారు. తరవాత తరవాత, ఇంత దూరం వచ్చినవాణ్ణి ఉత్తచేతులతో పంపడం బాగోదని ఏదో ఒకటి గుర్తుచేసుకుని చెప్పేవారు (మాది మొదటినుంచీ మర్యాద తెలిసిన వీధి). ఏడాది తిరిగేసరికి నలభై ఏడు నేరాలు తేలాయి. ఇంటికి సగటున ఒకటిన్నర నేరం. (నిజానికి రవ్వంత తక్కువ. ఆ రవ్వంతని వదిలేసినందుకు ఇప్పటికీ మనసులో గుచ్చుకుంటూనే ఉంటుంది.) పెద్ద కాగితం మీద ఎర్రసిరాతో మొత్తాలు రాసి, నలుగురూ చూస్తారని టీకొట్టు గోడకి అంటించాను. చూశారు. వారం తిరక్కుండా పక్క వీధివాళ్లు పిల్లల్ని మా వీధిలోంచి బడికి పంపడం మానేశారు.

సరిగ్గా ఆ వారమే నా పెళ్లిచూపుల మాట కదిలింది. అంతకుముందు మూడు సంబంధాలు నా చదువు చూసి తప్పిపోయాయి. ఇదైనా కుదరాలని అమ్మ మొక్కని దేవుడు లేడు. మావయ్య తెచ్చిన సంబంధం. అమ్మాయి తండ్రి పొలసరలో లెక్కల మాస్టారు. జాగ్రత్తపరుడు కావడంతో ఆయన మా ఇంటికి రాకముందే వాకబు కోసం టీకొట్టులో కూర్చున్నారట. గోడ మీది కాగితం మొత్తం చదివి, "ఇది ఎవరు రాశారండీ?" అని అడిగారట.

"ఆజ్ఞా, మీరు సూడొచ్చిన పెళ్లికొడుకే!" అని టీకొట్టాయన ఒరియా మర్యాద కలిపి, గర్వంగా చెప్పాడు. మాస్టారు సగం తాగిన టీ అక్కడే వదిలి పొలసర బస్సెక్కేశారు.

మావయ్య మా గుమ్మంలోకి వస్తూనే, "నీ తెలివి తగలెయ్యా! పిల్లనిచ్చే మావ ముందర దొంగల లెక్క పెడతావేట్రా?" అని విరుచుకుపడ్డాడు.

అమ్మకి చదువు రాదు. "అసలు అందులో ఏటి రాసావో సదువు," అంది. పుస్తకం తీశాను. బట్టలు రెండు. దోసకాయలు ఆరు. బిందె ఒకటి. "కార్తీకమాసం, ఎదురింటి మందార పువ్వులు, తెల్లారకముందు చోరీ, ఇరవై ఒకటి."

"అవి కోసింది నానే కదరా," అంది అమ్మ. "దేవుడికి పువ్వు కోస్తే దొంగతనమేటి? ఆవిడ మాత్రం మన పెరట్లో నందివర్ధనాలు కోసుకెల్లదా?"

ఆ పువ్వులు పెట్టిన దేవుడి ముందు నెలంతా ప్రసాదం తింటూనే నేను ఆ నేరాలన్నీ రాశాను.

ఇంకా మిగిలినవి పదిహేడు. "ఇళ్లపై రాళ్ల దాడి." వినాయకచవితి నాడు చంద్రుణ్ణి చూస్తే నిందలు పడతాయి కదా. అందుకని మా వైపు సాయంత్రం పొరుగింటి కప్పు మీద ఒక రాయి వేసి, వాళ్ల చేత నాలుగు తిట్లు తింటే దోషం పోతుందంటారు. ఆ సంగతి నాకు తెలీక కాదు. రాయి ఎందుకు పడిందో రాసే గడి నా పట్టికలో లేదు.

"నువ్వు టీకొట్టు మీదేసిన రాయి కూడా రాసీసావా?" అని అడిగింది అమ్మ.

రాశాను. పద్నాలుగోది. గుర్తు తెలియని వ్యక్తి.

మావయ్య నవ్వలేక, తిట్టలేక తువ్వాలుతో మొహం కప్పుకున్నాడు. మర్నాడు పుస్తకం చంకలో పెట్టుకుని నేనే పొలసర వెళ్లాను. మాస్టారు వరండాలో కూర్చోబెట్టారు. ఒక్కో పద్దూ విప్పి చెప్పాను. అమ్మ పువ్వులూ చెప్పాను, నా రాయీ చెప్పాను. ఆయన మొహంలో ఏమీ కదల్లేదు. అప్పుడు తలుపు వెనకనుంచి ఒక గొంతు, "నాన్నా, పక్క వీధిలో ఎన్నో అడుగు," అంది.

"పక్క వీధి లెక్కపెట్టలేదండి," అన్నాను.

"లెక్కపెట్టని వీధిలో దొంగలుండరేటి?"

ఏడాది తిరిగిన నాకు రాని ప్రశ్న అది. పుస్తకం మూసేశాను. మాస్టారు మొదటిసారి నవ్వి, "కన్నతల్లినీ వదల్లేదు, తన్ను తానూ వదల్లేదు. ఇతను అబద్ధం ఆడలేడమ్మా," అన్నారు. మాఘమాసంలో పెళ్లయింది. వీధి దీపం కూడా వచ్చింది (పక్క వీధికి. వాళ్లు ఏ లెక్కా రాయలేదు).

ఇప్పుడు మా వీధిలో ప్రతి ఇంటికీ ఇనప గ్రిల్లు, సగం ఇళ్లకి కెమెరాలు. పాత అలవాటు చావక పుస్తకం ఇంకా రాస్తూనే ఉన్నాను. ఏళ్లుగా అందులో సున్నాలే. మందారాలు చెట్టునే వాడి రాలిపోతున్నాయి. అంత భద్రంగా ఉన్నందుకు సంతోషించాలి, సంతోషిస్తూనే ఉన్నాను. కానీ మొన్న చవితి నాడు దీపాలు పెట్టే వేళకి మా మేడమెట్ల రేకు మీద ఠంగుమని ఒక రాయి పడింది. నేను అలవాటుగా పుస్తకం కోసం లేచాను. ఆ తలుపు వెనక గొంతే వంటింట్లోంచి వినిపించింది.

"ముందు తిట్టండి. పాపం, ఎవరో గోడవతల ఎదురుచూస్తన్నారు."

బయటికి వెళ్లి, గొంతు బొంగురుపోయేదాకా తిట్టాను.