చప్పుడు లేని పెట్టె

ఆమె అడిగింది ఒకే ఒక్కటి, చప్పుడు చేయని కంప్యూటరు. రంగు అడగలేదు, వేగం అడగలేదు, పెద్ద తెర అడగలేదు. "ఒరేయ్, అది చప్పుడు చేయకుండా ఉంటే చాలురా నాకు" అని తమ్ముడికి ఫోన్లో చెప్పింది. ఇంటికొచ్చినప్పుడు చెప్పింది. విడిభాగాలు కొనడానికి బయల్దేరుతుంటే గుమ్మం దాకా వెంటవెళ్లి మళ్లీ చెప్పింది. చెప్పినప్పుడల్లా తలూపాడు మహానుభావుడు. తల ఊగడమే తప్ప, మాట లోపలికి దిగిన దాఖలా లేదు.

ఆమె పని చదవడం. చూపులేని పిల్లల కోసం చిన్న తరగతుల పాఠ్యపుస్తకాలు పైకి చదివి, రికార్డు చేసి, ఒక సంస్థకు పంపిస్తుంది. దానికి స్టూడియో ఏమీ లేదు. వెనక గదిలో బట్టల బీరువా తలుపులు బార్లా తెరిచి, మైకును చీరల మధ్యకు వేలాడదీసి, అందులోకి మొహం పెట్టి చదువుతుంది. మాట గోడలకు తగిలి తిరిగి రాకుండా ఆమె కనిపెట్టుకున్న ఉపాయం అది.

ఈ గొంతుకే చిన్నప్పటి నుంచీ తిట్లు తింది. "ఆ గొంతేమిటే, కాస్త తగ్గించు" అని తండ్రి. "మీ కోడలి మాట వీధి చివరికి వినబడుతోందట" అని అత్తగారు, ఎవరో అన్నట్టుగా. "పక్కనే ఉన్నాను కదా, అరుస్తావెందుకు?" అని మొగుడు. ఆ గొంతు కావాలన్నవాళ్లు ఆమెకు నలభై దాటాక దొరికారు. ఈమధ్యే ఆ సంస్థ నిర్వాహకురాలు ఫోన్ చేసి, ఒక పాఠం చదివి పంపమంది, బాగుంటే హైస్కూలు సైన్సు పుస్తకాలన్నీ ఆమె చేతే చదివిస్తామంది. ఆ మాట విన్న వారానికే పాత కంప్యూటరు కాస్తా ప్రాణం విడిచింది.

అప్పుడు తమ్ముడు రంగంలోకి దిగాడు. కంప్యూటరు సంగతి వాడికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదని ఇంటిల్లిపాదికీ నమ్మకం, అందరికంటే ఎక్కువ నమ్మకం వాడికే. విడిభాగాలన్నీ తనే ఎంచి, వెనక గదిలో నేలమీద పరుచుకుని, చెమటలు కక్కుతూ బిగించాడు. పక్కన గాజు పలక. ముందు ఫ్యాన్లు, వెనక ఫ్యాన్లు, నెత్తిన ఫ్యాన్లు, ప్రతిదానికీ రంగుల దీపాలు. మధ్యలో గేముల బొమ్మల కోసం ఇటుకంత గ్రాఫిక్స్ కార్డు. స్విచ్చి నొక్కగానే పెట్టె బుస్సుమంది.

"ఎలా ఉందక్కా? దీనిమీద ఏ గేమైనా పరిగెడుతుంది!"

"నేనెప్పుడు గేములాడాన్రా? ఆ చప్పుడేంటి?"

"ఇదొక చప్పుడా? రెండ్రోజులు పోతే అలవాటైపోతుంది."

ఎవరికి అలవాటవుతుంది? చెవికి అవుతుందేమో, మైకుకు అవుతుందా? ఆ ప్రశ్న ఆమె నోటి దాకా వచ్చేసరికే వాడు కుర్చీలో బాసింపట్టు వేసుకుని గేము ఎక్కించేశాడు. పక్కన మొగుడు నిలబడి "కాల్చు, కాల్చు" అంటున్నాడు. ఆ పెట్టె ఎవరికోసం ఎంచారో ఆమెకు అప్పుడే అర్థమైంది. ఒళ్లు మండింది. అయినా గడువు దగ్గరపడుతోందని, పళ్లు బిగబట్టుకుని దానిమీదే పాఠం చదివి పంపింది.

నిర్వాహకురాలి ఫోను మర్నాడే వచ్చింది. "మీ గొంతు చాలా బాగుందమ్మా. కానీ వెనకాల ఎవరో మిక్సీ వేసినట్టుంది. మా పిల్లలు పాఠమంతా చెవులతోనే కదా చదవాలి. శుక్రవారంలోగా ఇంకోసారి పంపండి. లేకపోతే వేరేవాళ్లకి ఇచ్చేస్తాం, ఏమీ అనుకోకండి."

ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ నోరు తగ్గించమని ఆమెకు చెప్పనివాళ్లు లేరు. ఆమె ఒక్క రేకు పెట్టెను నోరు మూసుకోమంటే మాత్రం వినే దిక్కు లేకపోయింది! ఎవరికీ చెప్పలేదు. పెట్టెను కారు వెనక సీట్లో పడేసి, మైకూ హెడ్‌ఫోన్లూ సంచిలో వేసుకుని, తమ్ముడు కొన్న షాపుకే వెళ్లింది.

"ఇది వెనక్కి తీసుకుని వేరేవి ఇవ్వండి."

"అన్నీ మంచి సరుకేనమ్మా. మీ తమ్ముడుగారు ఏరి కోరి తీసుకెళ్లారు" అన్నాడు షాపాయన.

"ఏరిందీ వాడే, కోరిందీ వాడే. పని చేసుకోవాల్సింది నేను."

ఆమె కళ్లు చూసి ఆయన స్క్రూడ్రైవరు అందుకున్నాడు. ఆమె కౌంటరు మీద మైకు పెట్టి, హెడ్‌ఫోన్లు తగిలించుకుని, ఒక్కో ఫ్యాను తిప్పించి వింది. చిన్న ఫ్యాన్లు కీచుమన్నాయి, పక్కన పెట్టించింది. పెద్ద ఫ్యాను ఒకటి తాపీగా తిరిగింది, ఉంచమంది. పాత రకం హార్డ్ డిస్కు టకటకలాడితే దాన్ని పంపేసి, లోపల తిరిగేదేమీ లేని ఎస్‌ఎస్‌డీ తీసుకుంది. పని తక్కువున్నప్పుడు తన ఫ్యాను తనే ఆపేసుకునే పవర్ సప్లై ఒకటుందని ఆయనే లోపల్నుంచి తెచ్చాడు. గ్రాఫిక్స్ కార్డు తీసేస్తే ఎలా అని అడిగితే, "మీ పనికి ప్రాసెసర్లో ఉన్న గ్రాఫిక్సే చాలమ్మా" అన్నాడు.

"మరి మా వాడికెందుకు చెప్పలేదు?"

"ఆయన నన్ను మాట్లాడనిస్తే కదా!"

ఆ కోపంలోనూ ఆమెకు నవ్వొచ్చింది. చివరికి లోపలంతా స్పాంజి అతికించిన ఒక నల్లటి ఇనప కేసు ఎంచుకుని, అక్కడే బిగింపించుకుని ఇంటికి తెచ్చుకుంది.

గురువారం మధ్యాహ్నం కొత్త పెట్టెను బల్లకింద పెట్టింది. ఖాళీ గది ఎలా వినబడుతుందో చూద్దామని మైకు బల్లమీద పెట్టి రికార్డింగు మొదలుపెట్టింది. తెర సన్నగా గుయ్యిమంటుందేమోనని తెర ఆపేసింది. ఫ్రిజ్ కూడా ఆపి, ఇంకేదైనా మోగుతోందేమోనని ఇల్లంతా ఒకసారి తిరిగి వచ్చింది. వచ్చేసరికి గదిలో తమ్ముడూ మొగుడూ ఉన్నారు. ఆమెను చూసి ఇద్దరూ సర్దుకు నిలబడ్డారు.

"అక్కా, ఇది పాడైనట్టుంది, తెరా వెలగట్లేదు, చప్పుడూ లేదు" అన్నాడు తమ్ముడు, గొంతులో తేనె పోసుకుని. "నువ్వు కంగారుపడకు, నేను చూస్తాలే."

ఆమె వంగి తెర వెలిగించింది. తెర మీద రికార్డింగు గీత పాకుతూనే ఉంది. దాన్ని ఆపి, మొదటికి లాగి, స్పీకరు పెంచింది. కాసేపు ఏమీ లేదు. తర్వాత తలుపు తీసిన చప్పుడు, ఆ వెనకే తమ్ముడి గొంతు.

"ఇదేంటి బావా, ఈ ఇనప్పెట్టె? నా గ్రాఫిక్స్ కార్డేదీ?"

"షాపుకెళ్లి మార్చేసుకొచ్చింది."

"అయ్యో! చచ్చిన పెట్టె అంటగట్టారు బావా. అక్కకేం తెలుసు ఇవన్నీ? నన్నొక మాట అడగొద్దూ?"

"నన్ను మాత్రం అడిగిందా? నోరొక్కటే ఉంది మీ అక్కకి. అది లేకపోతే ఏముంది?"

గదిలో ఉన్న ఇద్దరూ నేల చూపులు చూశారు. ఆ ఆఖరి మాటకు ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి, కోపంతోనే. వాటిని తుడుచుకోకుండానే తమ్ముడి వైపు తిరిగింది.

"విన్నావురా? ఎంత స్పష్టంగా ఉందో! వెనకాల ఒక్క చప్పుడు లేదు."

ఆమె స్పీకరు ఆపేసింది.

"ఇక ఇద్దరూ బయటికి నడవండి. నాకు పనుంది. తలుపు మెల్లిగా వేయండి."

వేశారు. ఆమె బీరువా తలుపులు తెరిచి, మైకును చీరల మధ్య సర్ది, గొంతు పూర్తిగా విప్పి పాఠం మొదలుపెట్టింది. తలుపవతల ఇద్దరు నిలబడి ఉన్నారని ఆమెకు తెలుసు. తగ్గించమని ఎవరూ అనలేదు.